ప్రెస్ మీట్ అయిపోయాక

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో జర్నలిజం విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక సీనియర్ పాత్రికేయురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఈ రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమా? విలేకరులు కాబోయేవాళ్లు ప్రశ్నలకు భయపడితే ఎట్లా?

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘పాత్రికేయ విలువలు, నేటి సవాళ్లు’. ఈ పేరుతో నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒకేలా ఉంటాయి. ఒకప్పుడు జర్నలిజం బాగుండేది, ఇప్పుడు చెడిపోయింది, యువతరమే కాపాడాలి. అయిపోయింది, పదండి టీ తాగుదాం. నేను అంత పెద్దది ఎత్తుకోను. ఒక్కదాని గురించే మాట్లాడతాను. పోలీసుల ప్రెస్ మీట్. ఇంతేనా అనుకుంటున్నారేమో. మీలో ఎక్కువమంది ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వెళ్లేది అక్కడికే. విలువలూ సవాళ్లూ అన్నీ ఆ గదిలోనే కనిపిస్తాయి మీకు.

ఇప్పటివరకు పోలీస్ ప్రెస్ మీట్‌కు వెళ్లినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఓ, పర్వాలేదు, ఇంటర్న్‌షిప్‌లో వెళ్లినట్టున్నారు. మిగతావాళ్ల కోసం చెబుతాను. ముందు ఒక పొడుగాటి బల్ల ఉంటుంది. దాని మీద స్వాధీనం చేసుకున్న సొత్తు వరసగా పేర్చి ఉంటుంది. సెల్‌ఫోన్లు, నగలు, గంజాయి ప్యాకెట్లు, నోట్ల కట్టలు, ఒకోసారి కత్తులు. బల్ల వెనక డీసీపీ గారో కమిషనర్ గారో కూర్చుంటారు. ఆయన వెనక ముసుగులు వేసిన మనుషులు నిలబడి ఉంటారు. వాళ్లు నిందితులు. ఆయన చదువుతారు, కెమెరాలు తీస్తాయి. చివర్లో కేసు ఛేదించిన సిబ్బందికి రివార్డు. మనకు ప్రెస్ నోట్ వాట్సాప్ గ్రూపులో అప్పటికే వచ్చేసి ఉంటుంది. గంట తిరిగేసరికి అన్ని వెబ్‌సైట్లలోనూ అదే వార్త, అవే వాక్యాలు. తెల్లారి అన్ని పేపర్లలోనూ అదే. ఆ నోట్‌లో ఒక అచ్చుతప్పు ఉంటే, ఆ అచ్చుతప్పు కూడా అన్ని పేపర్లలోనూ ఉంటుంది. నవ్వకండి, నిజం చెబుతున్నాను. డెస్క్‌లో కూర్చుని నేనే చూశాను.

ఇందులో విలేకరి చేసిన పని ఏమిటి? వెళ్లాడు, వచ్చాడు. పోలీసులు రాసింది మన పేరుతో, మన డేట్‌లైన్‌తో జనానికి చేరింది. పెయిడ్ న్యూస్ గురించి మీకు క్లాసులో చెప్పే ఉంటారు. 2009 ఎన్నికల్లో జరిగినదాని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ చేయిస్తే, ఆ ఇద్దరిలో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డి గారు. ఆ నివేదిక తప్పకుండా చదవండి. అయితే అది డబ్బు తీసుకుని రాసేది. నేను చెబుతున్నది ఎవరూ డబ్బివ్వకపోయినా మనంతట మనమే రాసిపెట్టేది. దాని మీద విచారణ సంఘాలు వేయరు. వేయరు కాబట్టే ఇవాళ దీని గురించి మాట్లాడుతున్నాను.

ప్రెస్ నోట్ తప్పుడు కాగితం అని నేను అనడం లేదు. చాలాసార్లు అందులో ఉన్నది నిజమే అయ్యుంటుంది. అది పెళ్లి శుభలేఖ లాంటిది. పెళ్లివారు వేయించుకున్నది. ముహూర్తం, వేదిక, వంశం అన్నీ ఉంటాయి, వాటిలో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. శుభలేఖ చదివి పెళ్లి ఎలా జరిగిందో రాసేస్తామా?

ఇప్పుడు ఆ నోట్‌లో ఉండే రెండు వాక్యాలు చూద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటిది. ‘వాహనాల తనిఖీ చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపించడంతో అదుపులోకి తీసుకుని విచారించగా...’ ఈ వాక్యం ఎన్నిసార్లు చదివారు? మీరు పుట్టకముందు నుంచీ ఉంది. ఈ ఊళ్లో దొంగలందరూ వాహనాల తనిఖీలోనే దొరుకుతారా? ఒక్కసారి ఆ నిందితుడి ఇంటికి ఫోన్ చేయండి. భార్యో తల్లో ఎత్తుతారు. ‘మా వాణ్ని మొన్న సోమవారం రాత్రి ఇంట్లోంచి తీసుకెళ్లారు సారూ’ అంటారు. నోట్‌లో మాత్రం ‘గురువారం ఉదయం’ అని ఉంటుంది. మధ్యలో రెండు రోజులు ఎక్కడున్నాడు మరి? అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అది ఏదో సర్క్యులర్‌లో ఉన్న మాట కాదు, రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది. ఆ తల్లి అబద్ధం చెబుతూ ఉండొచ్చు. పోలీసులే నిజం చెబుతూ ఉండొచ్చు. ఆమెను అడిగితేనే కదా ఆ రెండు రోజుల తేడా ఉందని మీకు తెలిసేది? తెలిశాక పోలీసులను అడగాలి. వాళ్లేం చెబితే అది కూడా రాయాలి. వార్త అప్పుడు తయారవుతుంది.

రెండో వాక్యం ఇంకా ముఖ్యం. ‘నిందితుడు నేరాన్ని అంగీకరించాడు.’ ఇది వచ్చిందంటే మన డెస్క్‌లో పండగే. హెడ్డింగ్ దొరికినట్టే. ‘నేనే చంపా!’ అని పెడతాం, పక్కన ఆశ్చర్యార్థకం. లా చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం ఈ దేశంలో కోర్టులో రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, భారతీయ సాక్ష్య అధినియంలో అదే ఇప్పుడు 23వ సెక్షన్. ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు మాట వేరు. ఒప్పుకోలు మాత్రం చెల్లదు. ఎందుకు పెట్టారు ఈ సెక్షన్? పోలీస్ స్టేషన్‌లో మనుషులు ఎలా ‘ఒప్పుకుంటారో’ బ్రిటిష్‌వాడికి కూడా తెలుసు కాబట్టి. చూడండి మరి. జడ్జి గారు పక్కన పెట్టేసే కాగితాన్ని మనం మొదటి పేజీలో వేస్తున్నాం. జడ్జి గారికి కనీసం డిఫెన్స్ లాయరు ఉంటాడు అడ్డం చెప్పడానికి. మన పాఠకుడికి ఎవరున్నారు?

ఇదంతా చిన్న చిన్న దొంగతనాల కేసుల్లో జరిగితే పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోవాలి, అది వేరే సంగతి. పెద్ద కేసుల్లో ఏం జరిగిందో చెబుతాను. రెండూ మన ఊరివే.

2007. మీలో కొందరు పుట్టారో లేదో. మే 18, శుక్రవారం, మక్కా మసీదులో ప్రార్థనల వేళ పేలుడు జరిగింది. 9 మంది పోయారు. తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకా కొంతమంది పోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, కోఠి గోకుల్ చాట్ దగ్గర జంట పేలుళ్లు. ఊరంతా వణికిపోయింది. నేను ఆ రాత్రుల్లో డెస్క్‌లో ఉన్నాను, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఫోన్లు ఆగేవి కావు. ఎవరు చేశారు, ఎవరు చేశారు అని జనం అడుగుతున్నారు. జవాబు కావాలి. జవాబు ఎవరి దగ్గరుంది? పోలీసుల దగ్గర.

పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. పేర్లు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి. ఏ సంస్థతో సంబంధం ఉంది, ఏ దేశంలో శిక్షణ తీసుకున్నారు, అన్నీ వచ్చాయి. ఎవరు చెప్పారు? ‘విశ్వసనీయ వర్గాలు’. ఆ వర్గాలకు పేరుండదు, ఊరుండదు. చాలా పత్రికల్లో ‘అనుమానితుడు’ అన్న మాట కూడా మిగల్లేదు, నేరుగా ఉగ్రవాది అనే రాశారు. ఆ తర్వాత ఏమైంది? ఆ యువకులను కోర్టులు నిర్దోషులన్నాయి. మక్కా మసీదు కేసు సీబీఐకి, అక్కడి నుంచి ఎన్ఐఏకి వెళ్లింది. వాళ్లు పూర్తిగా వేరే మనుషుల మీద, వేరే సంస్థ మీద కేసు నడిపారు. వాళ్లను కూడా 2018 ఏప్రిల్ 16న ఇక్కడే నాంపల్లిలో ప్రత్యేక కోర్టు నిర్దోషులని వదిలేసింది. జంట పేలుళ్ల కేసులో అదే ఏడాది సెప్టెంబరులో శిక్షలు పడ్డాయి. శిక్ష పడ్డవాళ్లు పాతబస్తీ నుంచి మొదట పట్టుకెళ్లిన ఆ కుర్రాళ్లు కారు.

మక్కా మసీదులో ఎవరు బాంబు పెట్టారో కోర్టులో రుజువు కాలేదు ఇప్పటికీ. అది దర్యాప్తు సంస్థల వైఫల్యం, వాళ్లే జవాబు చెప్పుకోవాలి. నేను అడిగేది మన గురించి. ఆ యువకులను అరెస్టు చేసినప్పుడు మనం ఎన్ని కాలమ్‌లు ఇచ్చాం? విడుదలైనప్పుడు ఎన్ని ఇచ్చాం? లైబ్రరీకి వెళ్లి పాత సంపుటాలు తీసి కొలవండి. స్కేలు పెట్టి కొలవండి, ఇదేదో మాటవరసకు చెప్పడం లేదు. ఏ ఎంఏ విద్యార్థి అయినా దీన్ని డిసర్టేషన్‌గా చేస్తే నేను వచ్చి కూర్చుని సాయం చేస్తాను. ప్రభుత్వమే తర్వాత వాళ్లలో కొందరికి పరిహారం ప్రకటించింది. అది కూడా మళ్లీ హైకోర్టు దాకా వెళ్లి వివాదమైంది. పేపరు మాత్రం పరిహారం ఇవ్వలేదు కదా. వివరణ కూడా ఇవ్వలేదు. ఆ కుర్రాడు పెళ్లి సంబంధానికి వెళ్తే, అద్దె ఇంటికి వెళ్తే, ఉద్యోగానికి వెళ్తే అవతలివాళ్లు మన పాత వార్తే చూస్తారు.

మంచినీళ్లు ఇలా ఇవ్వండమ్మా. థాంక్స్.

రెండోది 2019 నవంబరు. ఇది మీ అందరికీ గుర్తుంది, మీరప్పుడు స్కూళ్లలో ఉండి ఉంటారు. శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్ మీద జరిగిన ఘోరం. వివరాల్లోకి వెళ్లను. ఆ అమ్మాయి పేరు చెప్పను. మనం అప్పుడు ఏం చేశామో గుర్తుందా? పేరు, ఫొటో, ఇల్లు, తల్లిదండ్రులు, ఒక్కటీ వదల్లేదు. టీవీలు వేశాయి, పేపర్లు వేశాయి, హ్యాష్‌ట్యాగ్‌లు వచ్చాయి. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టడం అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 228ఏ కింద నేరమని అందరికీ తెలుసు. చనిపోయారు కదా, ఇప్పుడేమవుతుంది అనుకున్నారు. సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరులో, అంటే ఈ ఘటనకు దాదాపు ఏడాది ముందే, స్పష్టంగా చెప్పింది. బాధితురాలు చనిపోయినా సరే, పేరు గానీ గుర్తుపట్టే వివరాలు గానీ రాయకూడదని. ఎంతమంది ఎడిటర్లు ఆ తీర్పు చదివారు? చివరికి పోలీసులే ‘దిశ’ అని పేరు పెట్టి, అలాగే రాయండని మీడియాను కోరాల్సి వచ్చింది. మనకు చట్టం చెప్పింది పోలీసులు! ఇంతకంటే చెప్పడానికేముంది.

తర్వాత డిసెంబరు 6. తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. జనం కోపం నాకు అర్థమవుతుంది. నాకూ ఆడపిల్లలున్నారు. నేను ఛానళ్ల గురించి మాట్లాడుతున్నాను. స్టూడియోల్లో యాంకర్లు కూడా సంబరం చేసుకున్నారు. మధ్యాహ్నం ప్రెస్ మీట్ పెట్టారు. నిందితులు ఆయుధాలు లాక్కున్నారు, రాళ్లు రువ్వారు, కాల్పులు జరిపారు, అందుకే ఎదురుకాల్పులు జరపాల్సి వచ్చింది అని చెప్పారు. అది పోలీసుల కథనం. చెప్పే హక్కు వాళ్లకుంది. ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న ఆ రెండు మూడు మాటలు ఎన్ని వార్తల్లో ఉన్నాయి?

డిసెంబరు 12న సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథనాన్ని నమ్మలేమంది. వాళ్లను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది, ఆ వ్యవహారం కోర్టుల్లోకి వెళ్లింది. సరే, న్యాయస్థానాల సంగతి న్యాయస్థానాలు చూస్తాయి. మనకు సంబంధించింది ఆ నివేదికలో ఇంకొకటుంది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ తేల్చింది. పోలీసులు చెప్పిన వయసులు వేరు. కమిషన్ ఎలా తేల్చింది? స్కూలు రికార్డులు చూసి.

కాసేపు ఈ ఒక్క విషయం ఆలోచించండి. నారాయణపేట జిల్లాలో వాళ్ల ఊళ్లు. హైదరాబాద్ నుంచి కారులో మూడు నాలుగు గంటలు. ఆ ఊళ్లకు కెమెరాలు వెళ్లలేదా? వెళ్లాయి. డజన్ల కొద్దీ వెళ్లాయి. తల్లుల ముందు మైకులు పెట్టి ‘నీ కొడుకు ఇలాంటి పని చేశాడు కదమ్మా, నీకేమనిపిస్తోంది?’ అని అడిగాయి. ఆమె ఏడ్చింది, బైట్ దొరికింది. అక్కడి బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ చూపించండని అడిగినవాళ్లు ఎంతమంది? హెడ్‌మాస్టర్ చూపించకపోవచ్చు. కనీసం అడిగారా? ఎన్‌కౌంటర్‌కు ముందు వారం రోజుల టైముంది. నిందితుల్లో మైనర్లున్నారని ఆ వారంలో తేలి ఉంటే ఏం జరిగేది, నాకు తెలియదు. జనానికి తెలియాల్సిన సంగతి మాత్రం ఒక బడిలో, ఒక రిజిస్టర్‌లో ఉంది. రెండేళ్లు దాటాక కమిషన్ చెబితే మనం వార్త రాసుకున్నాం.

ఎవరైనా అనొచ్చు, అంత ఘోరం చేసినవాళ్ల వయసు గురించి ఇప్పుడెందుకని. నేరం చేశారో లేదో తేల్చాల్సింది కోర్టు, ఆ అవకాశమే కోర్టుకు రాలేదు. ఆ అమ్మాయికి కూడా కోర్టులో న్యాయం జరగలేదు, అది మరిచిపోకండి. సాక్ష్యాలు పరీక్షించి, శిక్ష వేసి, ఇదీ జరిగింది అని ఒక తీర్పు రాసి ఉంటే ఆ కుటుంబం చేతిలో ఏదో ఒకటి ఉండేది.

ఇదే ఊళ్లో మనవాళ్లు బాగా చేసిన పని కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 2019 ఏప్రిల్, ఇంటర్ ఫలితాలు. బోర్డు ఫలితాలిచ్చింది, ఏ తప్పూ లేదంది. అది కూడా ఒక ప్రెస్ మీటే. పిల్లలు మెమోలు పట్టుకుని నాంపల్లి బోర్డు ఆఫీసు ముందుకొచ్చారు. మన రిపోర్టర్లు ఆ మెమోలు ఒక్కొక్కటీ చూశారు. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, అసలు మార్కులు 99. ఆ ఒక్క మెమో బోర్డు మాట మొత్తాన్ని ప్రశ్నార్థకం చేసింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, తప్పులు జరిగాయని కమిటీ ఒప్పుకుంది. ఏం చేశారు రిపోర్టర్లు? గేటు దగ్గర నిలబడ్డ పిల్లల చేతిలో కాగితం చూశారు. అంతే. అప్పట్లో పిల్లల మరణాలను కొన్ని ఛానళ్లు చూపించిన తీరు మాత్రం దారుణం. వరసగా లెక్కబెడుతూ, ఫొటోలు పక్కపక్కన పెడుతూ. అదే ఏడాది సెప్టెంబరులో ప్రెస్ కౌన్సిల్ ఆత్మహత్యల వార్తలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక పేజీ కూడా ఉండదు, చదివి టేబుల్ మీద అంటించుకోండి.

ఇక ఇంకో రకం వార్త, ఇది సిటీ పేజీల్లో రోజూ ఉంటుంది. ‘ప్రియుడితో కలిసి భర్తను కడతేర్చిన భార్య’. ‘వివాహేతర సంబంధమే కారణం’. ఈ కారణం ఎవరు చెప్పారు? ఇన్‌స్పెక్టర్ గారు. భర్త చనిపోయాడు, భార్య జైల్లో ఉంది, ఇద్దరూ మాట్లాడలేరు. ఇల్లు తాళం. ఒక్క మాటతో వాళ్ల బతుకు మొత్తం తేల్చేశాం. వాళ్లకు పిల్లలుంటారు, ఆ పిల్లలు మర్నాడు బడికెళ్లాలి. తోటి పిల్లల ఫోన్లలో ఆ వార్త ఉంటుంది, థంబ్‌నెయిల్‌తో సహా. యూట్యూబ్ ఛానళ్ల సంగతి నేను ఎత్తను, మొదలుపెడితే రాత్రి అవుతుంది. ఒకటి మాత్రం చెప్పాలి, వాళ్లకు ఆ భాష నేర్పింది మన పేపర్లే. ‘కామాంధుడు’, ‘మృగాడు’, ‘కిరాతకుడు’ అని హెడ్డింగులు పెట్టడం మనం మొదలెట్టిందే.

అవునమ్మా, నీళ్ల బాటిల్ పట్టుకున్న అమ్మాయి, ఏదో అడుగుతున్నావు. గట్టిగా. ... ‘ఎదురు ప్రశ్నలు వేస్తే పోలీసులు వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు మేడమ్, తర్వాత వార్త మిస్సయితే ఆఫీసులో ఊరుకుంటారా?’ అంటోంది.

మంచి ప్రశ్న. తీసేస్తారు. అబద్ధం చెప్పను. ఆఫీసులో కూడా ఊరుకోరు. అవతలి పేపర్లో ఉంది, మన దాంట్లో ఎందుకు లేదని పొద్దున్నే ఫోన్ వస్తుంది. జిల్లాల్లో, మండలాల్లో ఇంకా కష్టం. అక్కడ పనిచేసే కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు. లైన్ అకౌంట్, అంటే రాసినదాన్ని కొలిచి ఇచ్చే డబ్బులు, అవి పెట్రోలుకు చాలవు. పైగా యాడ్స్ టార్గెట్. ఆ ఎస్సై గారితో గొడవ పెట్టుకుని అతను ఆ ఊళ్లో ఎలా బతుకుతాడు? వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది, పాత్రికేయుల జీతాల మీద మజీఠియా వేతన సంఘం చేసిన సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. అవి అమలైన చోట్లు వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. జీతమివ్వని సంస్థ విలువల గురించి సెమినార్లు పెడుతుంటే నాకు నవ్వొస్తుంది. కాబట్టి భారమంతా కింద ఉన్న విలేకరి మీద వేసి నేను చేతులు దులుపుకోను. ఆ ప్రశ్న మీ ఎడిటర్లను కూడా అడగండి.

ఇంకొక దారి కూడా ఉంది. గ్రూపులోంచి తీసేస్తే వార్తలు ఆగిపోతాయనుకోవడం భ్రమ. ఎఫ్ఐఆర్ అయిన 24 గంటల్లోపు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, సున్నితమైన కేసులు మినహాయించి. తెలంగాణ పోలీస్ సైట్‌లో ఎంతమంది చూస్తున్నారు? కోర్టులో రిమాండ్ రిపోర్టు, అంటే నిందితుణ్ని రిమాండ్‌కు పంపమని పోలీసులు ఇచ్చే కాగితం, ఉంటుంది. అందులో అరెస్టు తేదీ, సమయం ఉంటాయి. దాన్ని ప్రెస్ నోట్‌తో పక్కపక్కన పెట్టి చదవండి. పంచనామా, అంటే సాక్షుల ముందు సోదా, స్వాధీనం వివరాలు రాసిన కాగితం, ఉంటుంది. సాక్షులుగా ఎవరు సంతకం పెట్టారో చూడండి, ఒకే పేరు నాలుగు కేసుల్లో కనిపిస్తే అదే ఒక వార్త. లాయర్లతో స్నేహం చేయండి. రెండు వైపుల లాయర్లతోనూ. ఉస్మానియా ఆసుపత్రి మార్చురీ దగ్గర కూర్చునే బంధువులతో మాట్లాడండి, మైకు జేబులో పెట్టుకుని.

మన ఊళ్లో ఉస్మానియా యూనివర్సిటీలో జర్నలిజం చదువు 1954లోనే మొదలైంది. డెబ్బై ఏళ్లు దాటింది. సిలబస్‌లో కమ్యూనికేషన్ సిద్ధాంతాలు ఉంటాయి, ముఖ్యమైంది ముందు రాసే ఇన్వర్టెడ్ పిరమిడ్ ఉంటుంది, పత్రికల చరిత్ర ఉంటుంది. ఎఫ్ఐఆర్ చదవడం ఏ పేపర్లో ఉంది? ఇక్కడ అధ్యాపకులు కూడా ఉన్నారు, ఏమీ అనుకోవద్దు. ఒక కేసు కాగితాలన్నీ, ఫిర్యాదు నుంచి తీర్పు దాకా, విద్యార్థుల ముందు పెట్టి ఒక సెమిస్టర్ అంతా చదివించండి. వాళ్లు జీవితాంతం మరిచిపోరు.

చరిత్ర అన్నాను కాబట్టి ఒక్క మాట. షోయబుల్లా ఖాన్ గురించి మీకు తెలుసు. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు. రజాకార్లకు వ్యతిరేకంగా రాశాడని 1948 ఆగస్టులో చెయ్యి నరికి చంపారు. ముప్పై ఏళ్లు కూడా లేవు. మనం కూర్చున్న ఈ హాలుకు దగ్గర్లోనే, కాచిగూడ వైపు. ప్రతి ఆగస్టులో మనం సభ పెడతాం, దండ వేస్తాం, ఆయన బాటలో నడుద్దాం అంటాం. సభ అయ్యాక అక్కడి నుంచి నేరుగా ప్రెస్ మీట్‌కు వెళ్లి ఇచ్చింది రాసుకుని వస్తాం. నాకు ఆ సభలకు వెళ్లబుద్ధి కావడం లేదు ఈ మధ్య.

చివరిగా ఒక పని పద్ధతి చెబుతాను, డెస్క్‌లో చాలా ఏళ్లు పాటించాం. ఒక రిజిస్టర్ పెట్టుకోండి. ఫోన్‌లోనైనా సరే. పెద్ద అరెస్టు వార్త వేసిన ప్రతిసారీ నిందితుల పేర్లు, కేసు నంబరు, స్టేషన్ రాసుకోండి. నిందితుడు జైల్లో ఉంటే కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీట్ వేయాలి, లేకపోతే బెయిల్ హక్కు వస్తుంది. ఆ తేదీ దగ్గర గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఫోన్ చేయండి. ఛార్జిషీట్ వేశారా? అందులో మొదట చెప్పిన పేర్లన్నీ ఉన్నాయా? ప్రెస్ మీట్‌లో ఎనిమిది మంది ముఠా అన్నారు, ఛార్జిషీట్‌లో అయిదుగురే ఉన్నారంటే మిగతా ముగ్గురూ ఏమయ్యారు? వాళ్ల ఫొటోలు మనం వేశాం కదా. తీర్పు వచ్చాక వెబ్‌సైట్‌లో ఉన్న పాత వార్త పైన ఒక్క లైను చేర్చండి: ‘ఈ కేసులో ఫలానా తేదీన కోర్టు నిర్దోషిగా ప్రకటించింది’ అని. అయిదు నిమిషాల పని. ఐటీ వాళ్లను అడిగితే చేసిపెడతారు. వెతికినవాళ్లకు ఆ లైను ముందు కనిపిస్తుంది.

అన్నట్టు, ముసుగులు వేసి నిందితులను కెమెరాల ముందు నిలబెట్టొద్దని కేంద్ర హోంశాఖ 2010లోనే సూచనలు ఇచ్చింది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ, పోలీసులు మీడియాకు ఎలా వివరాలివ్వాలో కొత్త మార్గదర్శకాలు తయారు చేయండని చెప్పింది. బల్లలు, ముసుగులు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. దీని మీద కూడా ఎవరైనా ఆర్టీఐ వేయొచ్చు. ఏ కమిషనరేట్‌లో ఏ మార్గదర్శకం అమల్లో ఉందని అడగండి. పది రూపాయల ఫీజు.

సరే, టైమైందని చీటీ పంపారు. నేను నిర్వాహకులతో మాట్లాడాను. వచ్చే వారం ఒక పది, పదిహేను మందిని నాంపల్లి క్రిమినల్ కోర్టులకు తీసుకెళ్దామనుకుంటున్నాను, ఒక రోజంతా. రిమాండ్లు ఎలా జరుగుతాయి, సాక్షిని ఎలా ప్రశ్నిస్తారు, కూర్చుని చూద్దాం. వచ్చేవాళ్లు బయట టేబుల్ దగ్గర పేర్లు రాయండి. పదింటికల్లా గేటు దగ్గరుండాలి, ఐడీ కార్డు తప్పనిసరి. కోర్టు హాల్లో ఫోన్లు ఆఫ్ చేయాలి, రికార్డింగ్ కుదరదు. కాబట్టి నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి. రెండు పెన్నులు తెచ్చుకోండి.